చక్రస్నానం రోజు నేను సెలవు పెట్టాను

మా వీధి చివర ఉండే లెక్కల మాస్టారి అమ్మాయికి ఈమధ్య దేవాదాయ శాఖలో ఉద్యోగం వచ్చింది. కార్యనిర్వహణాధికారి, అందరి నోటా ఈవో. నేను చేసి రిటైరైన ఉద్యోగమే. స్వీట్ల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చి, "ఏటేటి సదువుకోవాలో సెప్పండి అంకుల్" అని అడిగింది. నా దగ్గరున్న చట్టం పుస్తకం ఇచ్చి పంపాను. ఆమె గేటు దాటి వెళ్ళాక, నేను ఇవ్వాల్సింది ఆ పుస్తకం కాదని అనిపించింది. అది నాకు కంఠతా వచ్చు. కంఠతా వచ్చి కూడా నేనొక పని చేశాను. దాని గురించి నా భార్యకు తప్ప ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆ అమ్మాయి కోసం, ఆమెలాగా కొత్తగా చేరబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లూ, బదిలీలూ, సన్మానాలూ ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు.

పొయ్యి చూడమన్న పెద్దాయన

నేను చేరినప్పుడు నా చేతిలో పద్నాలుగు గుళ్ళు ఉండేవి. కోటబొమ్మాళి నుంచి సముద్రం వైపు వెళ్ళే ఊళ్ళలో చిన్న చిన్న గుళ్ళు అవి. ఒక పాత స్కూటరు, వెనక సీటుకు కట్టిన ఫైళ్ళ సంచి. నా పై అధికారి మంచి కోపిష్టి. మొదటి రోజే నిలబెట్టి, "గుడికెళ్తే ముందు ఆఫీసు గదిలోకి వెళ్ళకు. వంటగదిలోకి వెళ్ళి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే స్వామికి నైవేద్యం జరిగినట్టు. తక్కినవన్నీ తర్వాత" అన్నారు. అంతకంటే మంచి పాఠం నాకు ఆ ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పబోయే ఊరి పేరు రాయను. సముద్రానికి మూడు కిలోమీటర్ల ఇవతల వరి పండించుకునే రైతుల ఊరు. అక్కడొక వేణుగోపాలస్వామి గుడి. దాని అర్చకుడు నరసింహాచార్యులుగారు. నేను ఆయన్ని మొదటిసారి చూసింది ఒక తుఫాను మర్నాడు. గుడి తెరవలేదని ఊరివాళ్ళెవరో ఫోన్ చేస్తే, ఆయనకివ్వడానికి మెమో రాసి జేబులో పెట్టుకుని వెళ్ళాను. గుడి ఆవరణలో మోకాలి లోతు నీళ్ళు. ఆయన ఉత్సవ విగ్రహాలను గుడ్డలో చుట్టి నెత్తిన పెట్టుకుని ఎత్తైన మండపం మీద కూర్చుని ఉన్నారు. రాత్రంతా అలాగే ఉన్నారట. పక్కనే ఆయన ఇంటి కప్పు లేచిపోయి ఉంది. నన్ను చూసి, "తలుపు తీస్తే నీరొచ్చీసేలా ఉన్నాది బాబూ. అందుకే తియ్యలేదు. పొద్దున్న నైవేద్యం మాత్రం అటుకులతో అయిపోనాది" అన్నారు సంజాయిషీ చెప్పుకున్నట్టు.

మెమో జేబులోంచి తియ్యలేదు. ఈ మనిషి ఎటువంటివాడో నాకు తెలిసిపోయింది అనుకున్నాను. తెలిసింది నిజమే. తెలిసి ఏం చేశానన్నదే ఈ కథ.

రేవుకు వెళ్ళే స్వామి

ఆ గుడిలో ఫాల్గుణ మాసంలో కల్యాణోత్సవాలు జరుగుతాయి. చివరి రోజు చక్రస్నానం. స్వామి పల్లకీలో సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల పేటకు వెళ్తాడు. ఆయన సుదర్శన చక్రాన్ని అర్చకుడు సముద్రంలో ముంచుతాడు. పేట పేటంతా అదే నీటిలో మునుగుతారు. ఆ రోజు స్నానం అయ్యేదాకా ఒక్క పడవ కూడా వేటకు కదలదు. రేవుకు స్వామి ఎన్ని తరాలుగా వస్తున్నాడో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

నేను రిటైరవడానికి పదేళ్ళ ముందు, ఊరికీ పేటకూ మధ్య తగువు వచ్చింది. గుడి ధర్మకర్తల మండలి చైర్మన్ బంధువులు రేవు దారిలో రొయ్యల చెరువులు తవ్వారు. ఆ ఉప్పునీళ్ళు గెడ్డలోకి, అంటే పక్కనున్న వాగులోకి, వదిలితే పేటలో తాగే నూతులు చెడిపోయాయి. పేటవాళ్ళు కలెక్టరుగారికి అర్జీ పెట్టుకున్నారు. ఉత్సవాలు వారం రోజులుండగా చైర్మన్ సత్యంనాయుడు నన్ను ఇంటికి పిలిపించుకున్నాడు.

"ఈ ఏడు సామి రేవుకెల్లడండి ఈవో గారూ. మా మీద అర్జీలెట్టినోళ్ళ కాడికి మా ఊరి సామి ఎందుకెల్లాలండి? గుళ్ళో బోరున్నాది కదా. రెండు బిందెల నీళ్ళు తోడి తానం సేయించీండి. అయిపోతాది."

అది తప్పని నాకు వెంటనే తెలుసు. స్వామి ఊరందరివాడు, పేట కూడా ఊరే. ఆ మాట అనలేదు. "చూద్దామండి" అన్నాను. ఆఫీసుకు వచ్చి పై అధికారికి ఫోన్ చేశాను. కోపిష్టి పెద్దాయన ఎప్పుడో రిటైరయ్యారు, అప్పుడున్నాయన వేరు. మెత్తగా మాట్లాడతాడు. "శాంతిభద్రతల సమస్య అని రాసుకోండి. గొడవ మాత్రం నా దాకా రానివ్వకండి" అన్నాడు.

మర్నాడు ఆచార్యులుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని నందివర్ధనాలు మాల కడుతున్నారు. ఆయన భార్య ఆండాళమ్మగారు బియ్యం చెరుగుతున్నారు. నేను చెప్పింది పూర్తిగా విన్నారు.

"ఒక్క ఏడాదికే కదండీ" అన్నాను.

"బాబూ, నేను ఆయన నౌకర్ని. యజమాని వెళ్తానన్న చోటికి వెళ్ళొద్దని నౌకరు సెప్పగలడా?"

"ఉద్యోగానికే ముప్పు రావచ్చు."

ఆయన మాల కడుతూనే ఉన్నారు. "రావచ్చు. నాకూ భయమే బాబూ. డెబ్బై దగ్గరకొచ్చినాను, ఇప్పుడు ఈ గుడి లేకపోతే ఎక్కడికెళ్తాను? కానీ ఆ పేటలో ఆడవాళ్ళు ఇళ్ళు అలుక్కుని, ముగ్గులేసుకుని ఎదురు చూస్తారు. స్వామి ఈ ఏడు రాడమ్మా అని వాళ్ళకి ఎవరు సెప్తారు? మీరు సెప్తారా?"

నేను లేచాను. ఆండాళమ్మగారు గేటు దాకా నా వెనకే వచ్చారు. గొంతు తగ్గించి, "ఆయన ఆగరు బాబూ. నలభై ఏళ్ళ నుంచి సూస్తున్నాను కదా. మీరు ఆ రోజు అక్కడుండండి. ఇంకేటీ సెయ్యక్కర్లేదు, ఊరికే నిలబడండి. సర్కారు మనిషి ఉంటే ఎవరూ మీదికి రారు" అన్నారు.

"ఉంటానమ్మా" అన్నాను.

సెలవు

చక్రస్నానానికి రెండు రోజుల ముందు సెలవు చీటీ రాసి పంపాను. విజయనగరంలో నా భార్యకు కళ్ళ పరీక్ష అని కారణం. అబద్ధం కాదు, ఆమెకు కళ్ళు చూపించాల్సి ఉంది. ఆ వారంలో ఏ రోజైనా చూపించవచ్చు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఫోన్ ఆపేశాను. నా భార్య నా ముఖం చూసి, "మీకే పరీక్ష చేయించాల్సినట్టుంది" అంది.

ఆ రోజు జరిగింది నేను తర్వాత ముగ్గురు నలుగురి దగ్గర విన్నాను. అందరూ ఒకటే చెప్పారు. పల్లకీ మోసేవాళ్ళెవరినీ చైర్మన్ రానివ్వలేదు. ఆచార్యులుగారు కాసేపు ఎదురు చూసి, సుదర్శన చక్రాన్ని ఇత్తడి పళ్ళెంలో పెట్టుకుని నెత్తిన పెట్టుకున్నారు. ఆండాళమ్మగారు గంట పట్టుకుని వెనక నడిచారు. ఎండలో మూడు కిలోమీటర్లు. రొయ్యల చెరువుల గట్టు మీద చైర్మన్ మనుషులు ట్రాక్టరు అడ్డం పెట్టారు.

"దారియ్యండి నాయనా" అన్నారట ఆయన.

ఒకడు పళ్ళెం పట్టుకుని లాగాడు. ఈయన వదల్లేదు. ఆ పెనుగులాటలో గట్టు మీంచి కిందికి పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది. చక్రం మాత్రం నేల మీద పడలేదు, గుండెకు అదుముకుని ఉన్నారు. అది చూసి రేవులోంచి మగవాళ్ళు తెడ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఇంకో నిమిషంలో తలలు పగిలేవి. పడిన చోటు నుంచే ఆయన గట్టిగా అరిచారు. "కొట్లాటొద్దు! స్వామి తానానికొచ్చినాడు, తగువుకి రాలేదు!"

మగవాళ్ళు ఆగిపోయారు. పేట ఆడవాళ్ళు ముందుకొచ్చారు. చేపలమ్మే నూకాలమ్మ అనే ఆమె తన చీర కొంగు చింపి ఆయన చేతికి కట్టింది. ఆడవాళ్ళంతా చుట్టూ గోడలా నిలబడి ఆయన్ని నడిపించుకుపోతే ట్రాక్టరు వెనక్కి వెళ్ళింది. ఆయన ఎడమ చేత్తో చక్రాన్ని సముద్రంలో ముంచి, చెప్పాల్సిన మంత్రం ఒక్కటీ తగ్గించకుండా చెప్పి, ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్ళారు.

నేను సాయంత్రం ఫోన్ తెరిచాను.

తాళాలు

మర్నాడే చైర్మన్ ఫిర్యాదు ఇచ్చాడు. దేవుడి వస్తువును అనుమతి లేకుండా గుడి దాటించాడని, ఊళ్ళో గొడవకు కారణమయ్యాడని. పై నుంచి ఫోన్ వచ్చింది. సస్పెన్షన్ ఉత్తర్వు నేనే తయారు చేశాను. చట్టంలో దానికో సెక్షను ఉంది. వెతుక్కోవాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆచార్యులుగారి ఇంటికి వెళ్ళి కాగితం ఆయన చేతికిచ్చాను. కుడి చేతికి కట్టు ఉంది. ఎడమ చేత్తో సంతకం పెట్టారు, వంకర టింకరగా. చదవలేదు. "రేపు పొద్దున్న ఆరాధన ఎవరు సేస్తారు బాబూ?" అని అడిగారు.

"ఏర్పాటు చేశామండి" అన్నాను. ఏ ఏర్పాటూ చెయ్యలేదు.

ఆండాళమ్మగారు లోపలికి వెళ్ళి గుడి తాళాలు తెచ్చారు. నేను చెయ్యి చాపాను. నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టారు. "ఉంటానన్నారు" అన్నారు. లోపలికి వెళ్ళిపోయారు.

పక్క ఊరి అర్చకుణ్ణి బతిమాలి ఒప్పించాను. మూడు రోజులు వరసగా వచ్చాడు. ఆ తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత శనివారాలు, చివరికి అదీ మానేశాడు. నేను వెళ్ళినప్పుడు వంటగదిలో పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. రాయిలా చల్లగా ఉండేది.

ఆచార్యులుగారు మాత్రం రోజూ పొద్దున్నే వచ్చేవారు. తాళం వేసిన తలుపు బయట నిలబడి, గడప మీద పువ్వులు పెట్టి, మొత్తం ఆరాధన చదివేవారు. ఆయనది పెద్ద గొంతు. బస్సు ఆగే చోటికి వినబడేది. జనం వచ్చి వెనక నిలబడటం మొదలుపెట్టారు, పేటవాళ్ళూ ఊళ్ళోవాళ్ళూ కూడా. చైర్మన్ మళ్ళీ ఫోన్ చేశాడు. నేను స్కూటరేసుకుని వెళ్ళాను.

"మీరు ఇక్కడికి రాకూడదండి. సస్పెన్షన్‌లో ఉన్నారు."

"తాళం మీది బాబూ, ఒప్పుకుంటాను. గడప కూడా మీదేనా?"

స్కూటరు వెనక్కి తిప్పాను. తిరిగి వచ్చి ఫైల్లో ఒక వాక్యం రాశాను. 'అర్చకుడు ప్రతిరోజూ గుడి బయట నిలబడి ప్రజలను రెచ్చగొడుతున్నాడు.' నా సర్వీసులో కొన్ని వేల పేజీలు రాసి ఉంటాను. తక్కినవన్నీ మరిచిపోయాను. ఆ వాక్యం మరిచిపోలేదు.

ఆయన సస్పెన్షన్ మీద విచారణ నడుస్తున్నప్పుడు నూకాలమ్మ బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు బేరం మానుకుని వచ్చింది. తను చూసింది చెప్తానంది, రాసుకోమంది.

"కేసుతో సంబంధం ఉన్నవాళ్ళ వాంగ్మూలమే తీసుకుంటామమ్మా" అన్నాను.

"నాకు సంబందం నేదేటి బాబూ? ఆ పంతులు సెయ్యిరిగితే నా సీర సింపి కట్టినాను. ఇంతకన్నా ఏటి సంబందం గావాల? పోనీ, ఆయనేటి తప్పు సేసినాడో అదైనా సెప్పీ. ఇని ఎల్లిపోతాను."

"కూర్చోండి, చూస్తాను" అన్నాను. ఆమె వరండాలో కూర్చుంది. మధ్యాహ్నం నేను వెనక మెట్ల మీదుగా భోజనానికి వెళ్ళి, అటునుంచి అటే ఇంకో గుడి తనిఖీకి పోయాను. సాయంత్రం ఆఖరి బస్సు దాకా ఉందట. ఆ విచారణ నివేదికలో ఆమె పేరు ఎక్కడా లేదు.

తలుపు తెరిచిన రోజు

ఏడాదిన్నర అలాగే గడిచింది. ధర్మకర్తల మండలి గడువు అయిపోయింది. మా పై అధికారి బదిలీ అయి, ఆయన స్థానంలో ఒకావిడ వచ్చారు. ఆమె పాత ఫైళ్ళన్నీ తీసి చదివే రకం. ఒకరోజు ఆ ఫైలు ముందు పెట్టుకుని నన్ను పిలిచారు.

"ఆ రోజు మీరెక్కడున్నారు?"

"సెలవులో ఉన్నానండి."

ఆవిడ ఫైలు మూశారు. "చూసినవాళ్ళని అడగలేదు. ఉండాల్సినవాళ్ళు లేరు. ఇందులో అర్చకుడి తప్పు నాకు ఎక్కడా కనబడలేదు" అని, ఆయన్ని తిరిగి తీసుకుంటూ ఉత్తర్వు రాయించారు. నన్ను ఏమీ అనలేదు. శిక్ష వేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఉత్తర్వూ తాళాలూ నేనే పట్టుకెళ్ళాను. ఆండాళమ్మగారు తలుపు తీశారు. ఆచార్యులుగారు మంచం మీద ఉన్నారు. అంతకు రెండు నెలల ముందు పక్షవాతం వచ్చింది. కుడి వైపు బలం తగ్గింది. మాట పడిపోయింది. ఆ సంగతి నాకు తెలియదు. నా చేతి కింది గుడి అర్చకుడికి రెండు నెలలుగా మాట లేదని నాకు తెలియదంటే, నేనెంత జాగ్రత్తగా ఆ వీధి తప్పించుకు తిరిగానో అర్థం చేసుకోండి.

ఆమె కాగితం చదివి వినిపించారు. ఆయన కర్ర అందుకుని లేచారు. గుడి దాకా నడవడానికి చాలాసేపు పట్టింది. తలుపు తెరిస్తే గబ్బిలాల వాసన. స్వామి పాదాల మీద ఎప్పటివో పువ్వులు ఎండి గలగలలాడుతున్నాయి. ఆయన కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డారు. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. తర్వాత మూలనున్న చీపురు ఎడమ చేత్తో తీసుకున్నారు. కబురు తెలిసి నూకాలమ్మా మరో ఇద్దరు ఆడవాళ్ళూ వచ్చారు. నేనూ బకెట్టు పట్టుకున్నాను. ఎవరూ వద్దనలేదు. ఎవరూ పిలవలేదు.

మర్నాడు ఆరాధన చేశారు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. ఎక్కడో తప్పిపోతే ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. వెనక నిలబడినవాళ్ళం అందరం ఆ పెదవులనే చూస్తూ నిలబడ్డాం. గంట ఆండాళమ్మగారు కొట్టారు.

ఆ ఏడు స్వామి మళ్ళీ రేవుకు వెళ్ళాడు. పల్లకీ వెనకాల ఆచార్యులుగారిని కుర్చీలో కూర్చోబెట్టి పేట మగవాళ్ళు మోసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను, మొదటి నుంచీ చివరిదాకా నడిచాను. గట్టు దగ్గర ఆండాళమ్మగారు నా పక్కకు వచ్చారు. "ఈ ఏడు భయం లేదు బాబూ. మీరు రాకపోయినా సరిపోయేది" అన్నారు. కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నారు.

కొత్తగా చేరేవాళ్ళకు

చివరికి న్యాయం జరిగింది కదా అని నా తోటి ఉద్యోగులు అనేవారు. నేను ఒప్పుకోను. ఏడాదిన్నర ఆరాధన ఎవరు తిరిగిస్తారు? ఆ గొంతును ఎవరు తిరిగిస్తారు? మేం వేసిన తాళం వల్లే జబ్బు వచ్చిందని నేననను, డాక్టర్లు కూడా అనలేదు. కానీ ఆయన గొంతు ఉన్న చివరి ఏడాదంతా మూసిన తలుపుకు వినిపించింది. దాన్ని మూసింది నేను.

భక్తులను రాక్షసులు హింసించిన కథలు మనం చిన్నప్పుడు విన్నాం. మీ ఉద్యోగంలో రాక్షసులు రారు. మెత్తని గొంతుతో ఒక ఫోన్ వస్తుంది. "ఒక్క ఏడాదికే" అంటుంది. దానికి మీరు కాదని చెప్పక్కర్లేదు, అవునని కూడా చెప్పక్కర్లేదు. ఆ రోజుకు మీరు లేకుండా పోతే చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారు. మనలాంటివాళ్ళం చెడ్డపని చేసేది తక్కువ. చెడ్డపని జరిగే చోటు నుంచి వేళకు తప్పుకుంటాం. నేను చేసింది అదే.

ఆచార్యులుగారికీ భయం ఉంది. ఆ మాట ఆయనే నాతో అన్నారు. నాకూ భయం ఉంది. భయంలో ఇద్దరం సమానమే. ఆయన పళ్ళెం నెత్తిన పెట్టుకున్నారు, నేను సెలవు చీటీ రాశాను. దేవుణ్ణి సేవించడం అంటే ఏమిటో ముప్పై ఏళ్ళు దేవాదాయ శాఖలో పనిచేసి కూడా నాకు తెలిసింది ఆ తేడాలోనే.

నాకు భోగాపురం వైపు గుళ్ళకు బదిలీ అయినప్పుడు, వెళ్ళేముందు ఆయన్ని చూడటానికి వెళ్ళాను. శనివారం కాబట్టి జనం ఉన్నారు. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చినప్పుడు, "నన్ను క్షమించండి" అన్నాను. చిన్నగా అన్నాను, కానీ వినబడింది. ఆయన నా ముఖంలోకి చూశారు. ఆ చూపులో నాకేమీ అర్థం కాలేదు. మాట ఉంటే ఏమనేవారో కూడా తెలియదు. ఎడమ చేత్తో తీర్థం పోశారు. శఠగోపం తీసి నా తల మీద ఉంచారు.

ఇంకొంచెం సేపు ఉంచుతారేమోనని తల వంచుకునే ఉన్నాను. అప్పటికే ఆయన పక్క మనిషి తల మీద ఉంచుతున్నారు. వెనకనున్న రైతు ఒకాయన, "బాబూ, జరగండి" అన్నాడు. జరిగాను.